పదకొండో నంబరు హెచ్చరిక: తుపానులు, వ్యాపారం, కంప్యూటర్లు

బంగాళాఖాతంలో వాయుగుండం బలపడిన ప్రతిసారీ తెలుగు పత్రికల్లో ఒక వాక్యం కనిపిస్తుంది. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం, కృష్ణపట్నం రేవుల్లో ఫలానా నంబరు ప్రమాద హెచ్చరిక ఎగురవేశారన్నదే ఆ వాక్యం. ఈ నంబర్లు ఒకటి నుంచి పదకొండు వరకు ఉంటాయి. ఒకటి, రెండు దూరసముద్రంలోని అలజడిని తెలుపుతాయి. మూడు, నాలుగు రేవుకు పొంచి ఉన్న ముప్పును, ఐదు నుంచి ఏడు వరకు ప్రమాదాన్ని, ఎనిమిది నుంచి పది వరకు మహాప్రమాదాన్ని సూచిస్తాయి. ఐదు కన్నా ఆరు, ఆరు కన్నా ఏడు తీవ్రమైనవని చాలామంది భావిస్తారు. నిజానికి ఆ మూడింటి మధ్య తేడా తీవ్రతకు సంబంధించినది కాదు. తుపాను రేవుకు ఏ పక్కగా తీరం దాటుతుంది, లేక నేరుగా రేవు మీదుగానే వస్తుందా అన్నదానికి సంబంధించినది. ఎనిమిది, తొమ్మిది, పది నంబర్ల సంగతీ అంతే.

పదకొండో నంబరు వీటన్నిటికీ భిన్నమైనది. అది తుపాను ఎక్కడుందో, ఎటు వెళుతోందో చెప్పదు. తుపాను హెచ్చరికల కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని, వాతావరణం విషమించే ప్రమాదం ఉందని స్థానిక అధికారి భావిస్తున్నాడని మాత్రమే చెబుతుంది. వార్త అందకపోవడాన్నే వార్తగా స్వీకరించి, ఇక స్వంత వివేచనతో మెలగమని రేవుకు అనుమతినిచ్చే సంకేతం అది. హెచ్చరించే యంత్రాంగమే కూలిపోయే ఘడియ ఒకటి వస్తుందని ఈ పట్టికను రూపొందించినవారు ముందే ఊహించారు. ఆ ఘడియలో ఏం చేయాలో కూడా ముందే నిర్ణయించి పెట్టారు.

తుపానుల కాలానికి ఒక వ్యాపార సంస్థ, దాని కంప్యూటర్లు, దాని లెక్కలు సిద్ధంగా ఉండటమన్న విషయం పైకి కేవలం సాంకేతికంగా కనిపిస్తుంది. బంగాళాఖాత తీరపు నూటయాభై ఏళ్ల చరిత్రను పక్కన పెట్టుకుని చూస్తే అది రాజకీయ ప్రశ్నగా తేలుతుంది. సంబంధాలు తెగిపోయినప్పుడు నిలదొక్కుకునే శక్తి ఈ దేశంలో ఎవరికి సమకూరింది, ఎవరికి సమకూరలేదు అన్నదే ఆ ప్రశ్న.

పోర్ట్ క్యానింగ్ పాఠం

తుపానుకు ఇంగ్లిషులో వాడే ‘సైక్లోన్’ అన్న పేరు కలకత్తాలోనే పుట్టింది. దాన్ని ప్రతిపాదించిన హెన్రీ పిడింగ్టన్ అక్కడి నౌకా విచారణ న్యాయస్థానానికి అధ్యక్షుడు. తుపానుల్లో చిక్కిన ఓడల దినచర్య పుస్తకాలను సేకరించి, గాలులు ఒక కేంద్రం చుట్టూ సుడి తిరిగే తీరును ఆయన ఏళ్ల తరబడి అధ్యయనం చేశాడు. ఆ సుడిని చుట్ట చుట్టుకున్న పాముతో పోల్చి, గ్రీకు పదం నుంచి ఆ పేరు తీశాడు.

హుగ్లీ నదిలో ఇసుక మేటలు వేస్తున్నందున కలకత్తాకు బదులుగా మరో రేవు కావాలన్న ఆలోచన ఆ రోజుల్లో బలపడింది. సుందరవనాల అంచున మాతలా నది ఒడ్డును అందుకు ఎంచుకున్నారు. ఆ చోటు తుపానుకు, ఉప్పెనకు నేరుగా ఎదురుగా ఉందని, అక్కడ పట్టణం కడితే ఏదో ఒకనాడు సముద్రం దాన్ని ముంచెత్తక తప్పదని పిడింగ్టన్ 1853లో గవర్నర్ జనరల్ డల్హౌసీకి లేఖ రూపంలో విన్నవించాడు. ఆ మాట చెల్లలేదు. పోర్ట్ క్యానింగ్ పేరిట రేవు, గిడ్డంగులు, హోటలు లేచాయి. కలకత్తా నుంచి రైలు మార్గం వేశారు. రేవు భూముల అభివృద్ధికి పుట్టిన కంపెనీ వాటాల కోసం బొంబాయి మదుపరులు ఎగబడ్డారు.

1867 నవంబరు 1న వచ్చిన తుపాను, దాని వెంట వచ్చిన ఉప్పెన ఆ పట్టణాన్ని దెబ్బతీశాయి. అది పెద్ద తుపాను కూడా కాదు. కొన్నేళ్లకే రేవును వదిలేశారు. పిడింగ్టన్ 1858లోనే మరణించాడు కనుక తన మాట నిజం కావడాన్ని చూడలేదు.

ఈ ఉదంతంలో శాస్త్రం విఫలం కాలేదు. హెచ్చరిక సరైనదే, సకాలంలోనే వచ్చింది, చేరవలసిన పెద్దల దగ్గరికే చేరింది. పెట్టుబడి పెట్టేవారి లెక్కల్లో మాత్రం దానికి చోటు దొరకలేదు. తర్వాతి కాలంలో రేవులు పోయి టెలిఫోన్ ఎక్స్ఛేంజీలు, అవి పోయి సర్వర్ గదులు వచ్చినా, నష్టానికి మూలం పదేపదే ఇక్కడే కనిపిస్తుంది. గాలి వేగం తెలియక జరిగిన నష్టం కన్నా, తెలిసిన సంగతిని ఖర్చుగా భావించి పక్కన పెట్టడం వల్ల జరిగిన నష్టమే ఎక్కువ.

హెచ్చరిక ఎవరి కోసం పుట్టింది

1864 అక్టోబరు 5న కలకత్తాను తాకిన తుపానులో సుమారు 60 వేల మంది మరణించారని అంచనా. హుగ్లీలో లంగరు వేసిన ఓడలు గొలుసులు తెంచుకుని ఒకదానిపై ఒకటి పడ్డాయి. నెల తిరగకముందే, నవంబరు 1న, మచిలీపట్నం మీద విరుచుకుపడిన ఉప్పెన 30 వేల మందిని బలిగొంది. డచ్చివారు, ఇంగ్లిషువారు పోటీపడి వర్తకం చేసిన బందరు ఆ దెబ్బతో మరింత కుంగిపోయింది.

ఈ విషాదాల తర్వాత 1865లో కలకత్తా రేవుకు తుపాను హెచ్చరికల ఏర్పాటు మొదలైంది. కలకత్తా తుపానుపై నివేదిక రాసినవారిలో ఒకడైన హెన్రీ బ్లాన్‌ఫోర్డ్ ఆధ్వర్యంలో 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. 1886 నాటికి హెచ్చరికల వ్యవస్థ దేశంలోని రేవులన్నిటికీ విస్తరించింది. తంతి వార్త అందగానే రేవు స్తంభానికి పగలు శంకువులు, స్తూపాకారపు గుర్తులు, రాత్రి ఎరుపు, తెలుపు దీపాలు ఎక్కేవి.

ఆ గుర్తులను చదవగలిగినవారు ఓడ కెప్టెన్లు, రేవు అధికారులు, సరకు బీమా చేసిన వర్తకులు. తీరం వెంబడి పల్లెల్లోని మత్స్యకారులు, ఉప్పు కూలీలు, లంక భూముల రైతులు ఆ వ్యవస్థ చూపుకు ఆనలేదు. ఓడలను, సరకును, పన్ను ఆదాయాన్ని కాపాడుకోవడానికి పుట్టిన హెచ్చరిక అది. దేశంలో తుపాను సన్నద్ధత తొలుత వ్యాపార సన్నద్ధతగానే ఆరంభమైందన్నది గుర్తుంచుకోదగిన విషయం.

అయినా ఆ వ్యవస్థలో ఒక వినయం ఉంది. తుపానే తంతి స్తంభాలను కూల్చుతుందని దానికి తెలుసు. పదకొండో నంబరు అవసరం అక్కడి నుంచే వచ్చింది.

రేవు నుంచి ఊరికి

హెచ్చరిక రేవు దాటి ఊరికి చేరడానికి మరో శతాబ్దం పట్టింది. అందుకు చెల్లించిన మూల్యం లక్షల ప్రాణాలు. 1970 నవంబరు 12న తూర్పు పాకిస్థాన్‌ను తాకిన భోలా తుపానులో 3 నుంచి 5 లక్షల మంది మరణించారని అంచనా. సహాయం అందించడంలో పశ్చిమ పాకిస్థాన్ పాలకులు చూపిన ఉదాసీనత బెంగాలీల ఆగ్రహాన్ని రగిలించింది. కొద్ది వారాలకే జరిగిన ఎన్నికల్లో తూర్పు పాకిస్థాన్‌లోని 162 సాధారణ స్థానాల్లో 160 అవామీ లీగ్ గెలుచుకుంది. తుపాను ఒక్కటే దేశాన్ని చీల్చిందనడం అతిశయోక్తి అవుతుంది. కానీ ఆపదలో కనిపించని ప్రభుత్వానికి చట్టబద్ధత మిగలదని దక్షిణాసియాకు అంత స్పష్టంగా చూపిన ఘటన మరొకటి లేదు. స్వతంత్ర బంగ్లాదేశ్ తొలినాళ్లలోనే తుపాను సన్నద్ధత కార్యక్రమాన్ని నెలకొల్పి, మెగాఫోన్లు, చేతి సైరన్లు పట్టిన స్వచ్ఛంద కార్యకర్తలను ఊరూరా నిలిపింది.

1977 నవంబరు 19న దివిసీమలో ఉప్పెన కనీసం 10 వేల మందిని పొట్టన పెట్టుకుంది. దారులు, తీగలు తెగిపోయి, ఎంత ఘోరం జరిగిందో బయటి ప్రపంచానికి వెంటనే తెలియలేదు. ఆ తర్వాతే ఆంధ్ర తీరంలో తుపాను రక్షణ భవనాలు పెద్ద ఎత్తున లేచాయి. 1980ల మధ్య నుంచి ఇన్సాట్ ఉపగ్రహం ద్వారా తీర ప్రాంత కార్యాలయాలకు నేరుగా స్థానిక భాషలో హెచ్చరిక వినిపించే పరికరాలు వచ్చాయి. 1990 మేలో దాదాపు అంతే తీవ్రత గల తుపాను కృష్ణా తీరాన్ని తాకినప్పుడు లక్షల మందిని ముందే తరలించారు. మృతుల సంఖ్య వెయ్యి లోపే ఆగింది. ఉపగ్రహానికి స్తంభాలు, తీగలు అక్కర్లేదు. పాత తంతి వ్యవస్థకు అది మరో దారి. ఒక దారి మూసుకుపోతే మరొకటి తెరిచి ఉండాలన్న సూత్రం ప్రాణాల విషయంలో అలా ఆచరణలోకి వచ్చింది.

ఆ సూత్రం అన్ని చోట్లా అమలు కాలేదు. 1998 జూన్ 9న గుజరాత్‌లోని కాండ్లా రేవును తాకిన తుపానులో వెయ్యి మందికి పైగా మరణించారు. వారిలో ఉప్పు మడుల్లో, రేవులో పనిచేసే వలస కూలీలు అనేకులు. హెచ్చరిక రేవుకు చేరింది. రేవును నడిపే శ్రామికులకు అర్థమయ్యేలా, అందేలా చేరలేదు.

1999: రెండు సన్నాహాలు

1999 సంవత్సరం ఈ చరిత్రలో ఒక మలుపు. ఆ ఏడాదంతా ప్రపంచం వైటూకే భయంతో గడిపింది. సంవత్సరాన్ని రెండంకెలతో గుర్తించే పాత ప్రోగ్రాములు 2000 జనవరి 1న తడబడతాయేమోనని బ్యాంకులు, విమానయాన సంస్థలు, విద్యుత్ సంస్థలు తమ కంప్యూటర్లను వరసగా పరీక్షించుకున్నాయి. యంత్రం ఆగిపోతే పని ఎలా సాగాలి, చేతితో ఏ లెక్క రాయాలి, ఎవరు ఎవరికి కబురు పెట్టాలి అన్న ప్రణాళికలు కాగితం మీదికి వచ్చాయి. ఆ పనిలో వేలాది తెలుగు ఇంజనీర్లు అమెరికాలోనూ హైదరాబాద్‌లోనూ ఉపాధి పొందారు. ‘బిజినెస్ కంటిన్యుటీ’ అన్న మాట భారతీయ కార్యాలయాల్లో ఆ రోజుల్లోనే గట్టిగా వినిపించసాగింది.

అదే ఏడాది అక్టోబరు 29న ఒడిశాలోని పారాదీప్ దగ్గర సూపర్ సైక్లోన్ తీరం దాటింది. దాదాపు 10 వేల మంది మరణించారు. రాష్ట్ర రాజధాని భువనేశ్వర్ తన జిల్లాలతోనూ, దేశంతోనూ సంబంధాలు కోల్పోయింది. హ్యామ్ రేడియో ఔత్సాహికులు బ్యాటరీలు, యాంటెన్నాలు మోసుకెళ్లి కబుర్లు అందించవలసి వచ్చింది. రెండంకెల తేదీకి అంత శ్రద్ధగా సిద్ధమైన దేశంలో ఒక రాష్ట్ర ప్రభుత్వం గాలివానకు మూగబోయింది.

ఆ దెబ్బ నుంచి ఒడిశా నేర్చుకుంది. ఆ సంవత్సరమే ప్రత్యేక విపత్తు నిర్వహణ సంస్థను ఏర్పాటు చేసింది. కేంద్రంలో విపత్తుల బాధ్యత 2002లో వ్యవసాయ శాఖ నుంచి హోం శాఖకు మారింది. 2005లో విపత్తు నిర్వహణ చట్టం వచ్చింది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటేనాటికి ఒడిశా, ఆంధ్రప్రదేశ్‌లలో దాదాపు 10 లక్షల మందిని తరలించారు. మృతుల సంఖ్య పదుల్లోనే ఉంది. ప్రాణరక్షణలో ఇది చెప్పుకోదగిన విజయం.

మరోవైపు పెద్ద సంస్థల కంప్యూటర్ల రక్షణకూ నియమాలు ఏర్పడ్డాయి. వ్యాపార కొనసాగింపు ప్రణాళికలు తప్పనిసరి అని రిజర్వు బ్యాంకు 2005లో బ్యాంకులకు మార్గదర్శకాలు ఇచ్చింది. స్టాక్ ఎక్స్ఛేంజీలు వేరొక భూకంప మండలంలో రెండో కేంద్రాన్ని నిర్వహించాలని సెబీ ఆదేశించింది. 2021 నాటి సవరణ ప్రకారం విపత్తు ప్రకటించిన 45 నిమిషాల్లో లావాదేవీలు తిరిగి నడవాలి. ముంబయి మునిగినా వాటాల క్రయవిక్రయాలు ఆగకూడదన్నది దీని భావం. ఇవి అవసరమైన నియమాలే. అయితే ఇంత పకడ్బందీ ఏర్పాటు పైమెట్టు మీదే ఆగిపోయింది.

హుద్‌హుద్ చూపిన నగరం

ఫైలిన్ తీరం దాటి సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖపట్నం మీదుగా తీరం దాటింది. గంటకు 180 కిలోమీటర్లకు అటూ ఇటూ వేగంతో గాలులు వీచాయి. వాతావరణ శాఖ అంచనా తప్పలేదు. లక్షల మందిని ముందే తరలించారు. ప్రాణనష్టం వంద లోపే ఉంది. పాత కొలమానంతో చూస్తే ఇది కూడా విజయమే.

నగర జీవనం మాత్రం ఒక్క పగటిలో స్తంభించింది. వేలాది విద్యుత్ స్తంభాలు కూలాయి. సెల్ టవర్లు మూగబోయాయి. విమానాశ్రయం పైకప్పు లేచిపోయి రాకపోకలు రోజుల తరబడి ఆగాయి. తుపానును గమనిస్తున్న కైలాసగిరి డాప్లర్ రాడార్ సైతం ఆ గాలికే దెబ్బతింది. పదకొండో నంబరుకు ఇంతకన్నా సార్థకమైన సందర్భం ఉండదు. ఏటీఎంలు పనిచేయలేదు. బంకుల్లో ఇంధనం ఉన్నా పంపు నడిపే కరెంటు లేదు. బ్యాంకు ఖాతాలో సొమ్మున్నవారు పాల ప్యాకెట్ కోసం చిల్లర వెతుక్కున్నారు.

ఈ దశలో ఒక వ్యాపారికి కంప్యూటర్ ఉండటం, లేకపోవడం అన్నది అసలు విషయం కాలేదు. ఆ కంప్యూటర్‌లోని లెక్కకు మరోచోట నకలు ఉందా, ఆ నకలును తెరవగల మనిషి మరో ఊళ్లో ఉన్నాడా అన్నదే తేల్చింది. హైదరాబాద్, బెంగళూరుల్లో కార్యాలయాలున్న సంస్థకు పనిని అక్కడికి మళ్లించుకునే వీలుంది. డాబా గార్డెన్స్‌లో ఒకే గదిలో మందుల ఏజెన్సీ నడిపేవాడికి ఆ వీలు లేదు. అతని బకాయిల పట్టిక, సరకు నిల్వ, పన్ను దాఖలా అన్నీ బల్ల కింద నేలకానుకుని ఉన్న ఒక్క డబ్బాలోనే ఉంటాయి. పూర్వం వర్షం ముంచుకొస్తే చిట్టా, ఆవర్జా గుడ్డలో చుట్టి అటకెక్కించేవారు. డిజిటల్ లెక్కకు కూడా ఒక అటక అవసరమని, అది ఊరికి దూరంగా ఉండాలని అతనికి చెప్పినవారు లేరు.

ఇది వెనుకబడిన దేశపు సమస్య మాత్రమే అనుకోనక్కర్లేదు. 2012 అక్టోబరు 29న శాండీ న్యూయార్క్‌ను తాకినప్పుడు మాన్‌హటన్‌లోని ఒక భవనంలో జనరేటర్లు ఎత్తైన అంతస్తులో భద్రంగానే ఉన్నాయి. వాటికి డీజిల్ ఎక్కించే ఏర్పాటు మాత్రం నేలమాళిగలో మునిగింది. అక్కడి డేటా సెంటర్‌ను నిలబెట్టడానికి ఉద్యోగులు, ఖాతాదార్లు బకెట్లతో డీజిల్ పట్టుకుని పదిహేడు అంతస్తుల మెట్లు ఎక్కారు. పైన ఎంత ఖరీదైన యంత్రం ఉన్నా కింద తడిసిన ఒక్క పంపు దాన్ని ఆపగలదని ఆ రాత్రి రుజువైంది.

హుద్‌హుద్ తర్వాత ప్రపంచ బ్యాంకు ఇచ్చిన 25 కోట్ల డాలర్ల రుణంతో చేపట్టిన ఆంధ్రప్రదేశ్ విపత్తు పునరుద్ధరణ ప్రాజెక్టులో విశాఖలో విద్యుత్ తీగలను భూగర్భంలో వేసే పని చేర్చారు. కూలినదాన్ని కూలినట్టే నిలబెట్టకుండా, మళ్లీ కూలని రీతిలో కట్టాలన్న ఆలోచన అది. ఇటువంటి ఆలోచన ప్రభుత్వం చేయగలిగినదే, చేయవలసినదే. ఏ ఒక్క దుకాణదారూ తన వీధి తీగను భూమిలో పాతించుకోలేడు.

నగదు, ఇల్లు, గిడ్డంగి

ఆ తర్వాతి దశాబ్దంలో ఒక్కో తుపాను ఒక్కో భ్రమను తొలగించింది. 2015 డిసెంబరు 2న చెన్నై వరదల కారణంగా సిబ్బంది ముద్రణాలయానికి చేరలేక ‘ది హిందూ’ దినపత్రిక చెన్నైలో అచ్చు కాలేదు. 1878లో మొదలైన పత్రికకు ఇలాంటిది అదే తొలిసారి. యంత్రాలు సిద్ధంగానే ఉన్నా వాటి దగ్గరికి మనుషులు రాలేకపోతే సన్నద్ధత పూర్తి కాదు.

2016 డిసెంబరు 12న వర్దా తుపాను చెన్నైని తాకింది. అప్పటికి పెద్ద నోట్ల రద్దు ప్రకటన వెలువడి 34 రోజులు. ప్రజల చేతిలో నగదు లేదు. కార్డులు, ఫోన్లతో చెల్లించమని ప్రభుత్వం ప్రోత్సహిస్తోంది. వర్దా కరెంటును, సిగ్నల్‌ను తీసుకుపోగానే స్వైపింగ్ యంత్రాలు నిర్జీవమయ్యాయి. పాత దారిని మూసివేసి కొత్త దారి ఒక్కదాన్నే నమ్ముకున్న విధానం ఎంత పెళుసుదో ఒక మహానగరం అనుభవించి తెలుసుకుంది. ప్రాణరక్షణలో 1977 నేర్పిన రెండు దారుల సూత్రాన్ని ఆర్థిక విధానం పట్టించుకోలేదు.

2020 మే 20న ఉంపున్ పశ్చిమ బెంగాల్‌ను తాకేనాటికి దేశం కోవిడ్ దిగ్బంధంలో ఉంది. కార్యాలయం మూతపడితే ఇంటి నుంచి పనిచేయడమే అప్పటికి అందరికీ తెలిసిన ప్రత్యామ్నాయం. కోల్‌కతాలో రోజుల తరబడి కరెంటు, ఇంటర్నెట్ రాక ఇళ్లే మూగబోయాయి. జనం వీధుల్లోకి వచ్చి నిరసన తెలిపారు. ప్రత్యామ్నాయమూ అసలు వ్యవస్థా ఒకే ఊళ్లో, ఒకే తీగ మీద ఆధారపడి ఉంటే అవి రెండు కావు, ఒక్కటే.

2023 డిసెంబరులో మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటే ముందు చెన్నైని ముంచింది. అంబత్తూరు పారిశ్రామికవాడలోని చిన్న కర్మాగారాల్లోకి నీరు చేరి యంత్రాలు తడిశాయి. తుపాను చెన్నై వద్ద తీరం దాటలేదు. అయినా నష్టం ఆగలేదు. గాలికే సిద్ధపడి నీటిని మరిచిన లెక్క తప్పింది.

వీటన్నిటినీ కలిపి చూస్తే సన్నద్ధత అన్న పదానికి స్పష్టమైన అర్థం ఏర్పడుతుంది. లెక్కల నకలు తీరానికి దూరంగా మరో నగరంలో ఉండాలి. ఆ నకలు నిజంగా తెరుచుకుంటుందో లేదో ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరుకు ముందు ఒకసారి తెరిచి చూసుకోవాలి. బంగాళాఖాతపు తుపానులకు ఆ రెండూ రుతువులే కదా. యంత్రం, బ్యాటరీ, జనరేటర్ నేలమట్టానికి పైన ఉండాలి. ఫోన్‌కు ఒక కంపెనీ సిమ్‌తో సరిపెట్టుకోకూడదు. సిబ్బంది, సరఫరాదారుల ఫోన్ నంబర్లు, బకాయిల పట్టిక కాగితం మీద కూడా ఉండాలి. కొద్ది రోజులకు సరిపడా నగదు చేతిలో ఉండాలి. యజమాని అందుబాటులో లేకపోతే నిర్ణయం ఎవరు తీసుకోవాలో ముందే రాసి పెట్టాలి. ఈ చివరిదే పదకొండో నంబరు సారం.

చట్టం చెప్పేది, చేతికందేది

ఇవన్నీ వ్యాపారి స్వయంగా చూసుకోవలసినవి కదా, ఇందులో ప్రభుత్వానికేం పని అన్న వాదన ఒకటి ఉంది. ప్రభుత్వం ఇప్పటికే ఇందులో భాగస్వామి అన్నది దానికి సమాధానం. 2017 జూలైలో జీఎస్టీ అమలుతో చిన్న వర్తకుని లెక్క పుస్తకం దాదాపు ప్రభుత్వ నెట్‌వర్క్‌లో భాగమైపోయింది. చట్టంలోని 36వ సెక్షన్ ప్రకారం వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలల పాటు రికార్డులు భద్రపరచాలి. ప్రమాదాల వల్ల గానీ ప్రకృతి కారణాల వల్ల గానీ రికార్డులు నాశనమైతే తగిన వ్యవధిలో పునరుద్ధరించగలిగేలా ఎలక్ట్రానిక్ నకలు ఉంచాలని 57వ నిబంధన స్పష్టంగా చెబుతోంది. తుపాను వస్తుందని, లెక్కలు పోతాయని చట్టానికి ముందే తెలుసన్నమాట. ఆ భారాన్ని ఎవరి మీద మోపాలో కూడా తెలుసు.

అదే చట్టంలోని 17వ సెక్షన్ ఐదో ఉపసెక్షన్ మరో మాట చెబుతుంది. నాశనమైన సరకుపై ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ వర్తించదు. అంటే ఉప్పెనలో గిడ్డంగి మునిగినవాడు సరకును పోగొట్టుకోవడమే గాక, దానిపై అప్పటికే కట్టిన పన్నును సర్దుబాటు చేసుకునే హక్కునూ కోల్పోతాడు. రిటర్నుల గడువు పొడిగింపు వంటి ఊరటలు ప్రతి విపత్తు తర్వాత విడిగా ప్రకటించవలసిందే. విపత్తు సహాయ నిధి ప్రమాణాల్లో పంటకు, పశువుకు, పడవకు, వలకు, ఇంటికి, చేనేత పరికరాలకు పరిహారం ఉంది. మామూలు దుకాణానికి, దానిలోని యంత్రానికి అలాంటి స్థిరమైన చోటు లేదు. అందుకే 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు దుకాణాలకు, చిన్న పరిశ్రమలకు రాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేక సాయం ప్రకటించవలసి వచ్చింది. హక్కుగా అందవలసినది దయగా అందితే ఎప్పుడు అందుతుందో, ఎంత అందుతుందో ముందే తెలియదు. ముందే తెలియనిదాన్ని నమ్ముకుని ఎవరూ సిద్ధపడలేరు.

అసాధ్యమైనదేదీ ఇక్కడ అడగనక్కర్లేదు. ఒక సంస్థ టవర్ కూలితే మరో సంస్థ నెట్‌వర్క్‌ను వాడుకునే ఇంట్రా సర్కిల్ రోమింగ్‌ను 2023లో బిపర్‌జాయ్ సమయంలో గుజరాత్ తీరంలో అమలు చేశారు. పోటీ కంపెనీల మధ్య అంతటి సహకారం సాధ్యమైనప్పుడు, జిల్లా స్థాయిలో చిన్న వర్తకుల లెక్కలకు నమ్మకమైన నకలు కేంద్రం, నాశనమైన సరకుపై పన్ను మినహాయింపు, గడువులు తమంతట తామే పొడిగించబడే నియమం ఎందుకు సాధ్యం కావు?

మళ్లీ తీరం మీదే

2025 అక్టోబరు 14న విశాఖపట్నంలో భారీ కృత్రిమ మేధ డేటా సెంటర్‌ను గూగుల్ ప్రకటించింది. ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి అన్నారు. సముద్రగర్భ కేబుళ్లు కూడా అక్కడికి చేరతాయని చెప్పారు. హుద్‌హుద్ వచ్చి అప్పటికి పదకొండేళ్లు. ఉత్తరాంధ్రకు ఉపాధి, రాష్ట్రానికి ప్రతిష్ఠ లభిస్తాయన్న ఆశతో ఈ ప్రకటనకు పెద్ద స్వాగతం దక్కింది. నీరు, విద్యుత్తు, భూమి ఎంత కావాలన్నదానిపై చర్చ కూడా నడిచింది. తుపాను గురించిన మాట ఆ స్థాయిలో వినబడలేదు.

అలాంటి సంస్థ తన సర్వర్లను తాను కాపాడుకోగలదు. దానికి రెండో కేంద్రం, మూడో కేంద్రం, స్వంత విద్యుత్తు, స్వంత కేబుళ్లు ఉంటాయి. పోర్ట్ క్యానింగ్ మదుపరుల కన్నా నేటి పెట్టుబడిదారులు తుపాను శాస్త్రాన్ని ఎక్కువ గౌరవిస్తారనే అనుకోవచ్చు. ఆ గోడ బయటి నగరం సంగతి వేరు. ప్రపంచపు లెక్కలు భద్రంగా నడిచే భవనానికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఒక మందుల ఏజెన్సీ లెక్క వాననీటిలో తడిసిపోతే, విశాఖ తుపానుకు సిద్ధంగా ఉందని ఎవరూ అనలేరు.

1865లో హెచ్చరిక ఓడలకు మాత్రమే అందింది. అది పల్లెకు చేరేలా చేయడానికి ప్రజలు, ప్రభుత్వాలు నూరేళ్లకు పైగా పెనుగులాడవలసి వచ్చింది. ఈసారి అంత కాలం పట్టనక్కర్లేదు. కొత్త పెట్టుబడికి భూమి, రాయితీలు ఇచ్చే ఒప్పందాల్లోనే నగరం కోసం భూగర్భ తీగలు, అందరూ వాడుకోగల నకలు కేంద్రం, టవర్లకు అదనపు బ్యాటరీలు షరతులుగా రాయమని విశాఖ ప్రజాప్రతినిధులను ఇప్పుడే అడగవచ్చు. తదుపరి తుపానుకు పేరు పెట్టకముందే అడగవలసిన ప్రశ్న అది.